సిబ్బంది నాడి ఎలా పట్టాలి?

ఆస్పత్రి సిబ్బంది సర్వేల గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులు. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం. ఊళ్ళు ఉంచి, ఆస్పత్రుల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా ఆస్పత్రిలో 1,800 మంది పనిచేస్తారు. "సిబ్బంది ఎంత సంతోషంగా ఉన్నారో ఒక్క అంకెలో చెప్పండి, బోర్డు మీటింగులో పెట్టాలి" అంటున్నారు మా ఎండీ గారు. చూస్తే పదిరకాల ప్రశ్నపత్రాలు ఉన్నాయి. ఏది వాడమంటారు?
– హెచ్‌ఆర్ మేనేజర్, విజయవాడ

జవాబు: ఒక్క అంకె ఇవ్వకండి, కనీసం రెండు ఇవ్వండి. ఎంగేజ్‌మెంట్ అంటే పని మీద మనసు పెట్టడం. వెల్‌బీయింగ్ అంటే ఆ పని చేశాక ఒంట్లోనూ మనసులోనూ ఓపిక మిగలడం. ఐసీయూలో ఆరేళ్ళుగా ఉన్న స్టాఫ్ నర్సుకి పనంటే ప్రాణం కావచ్చు, అదే సమయంలో ఇంటికెళ్ళి పిల్లలతో మాట్లాడే శక్తి కూడా లేకపోవచ్చు. రెంటినీ కలిపి సగటు తీస్తే ఆమె "పరవాలేదు" గడిలో పడుతుంది. మీరు ముందుగా పోగొట్టుకునేది అలాంటివాళ్ళనే.

ఎంగేజ్‌మెంట్‌కి ఇంగ్లాండు ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్ వాడే 9 ప్రశ్నల నమూనా బాగుంటుంది. మూడు ప్రశ్నలు పని మీద ఉత్సాహం గురించి, మూడు తన మాట చెల్లుబాటు అవుతుందా అన్న దాని గురించి, మూడు ఈ సంస్థను పదిమందికి చెబుతారా అన్న దాని గురించి. ఒక్కో జవాబుకి 0, 2.5, 5, 7.5, 10 మార్కులు. ముందు మూడేసి ప్రశ్నల సగటు, తర్వాత ఆ మూడింటి సగటు. ఒక జాగ్రత్త. ఆ తొమ్మిదిలో "మీ బంధువుకో స్నేహితుడికో జబ్బు చేస్తే ఇక్కడి వైద్యం మీకు సమ్మతమేనా" అనే అర్థంలో ఒకటి ఉంది. అక్కడ రోగి బిల్లు కట్టడు కాబట్టి ప్రశ్న సూటిగా పనిచేస్తుంది. మన కార్పొరేట్ ఆస్పత్రిలో అదే అడిగితే ఆయా తలకాయ అడ్డంగా ఊపేది వైద్యం బాగాలేదని కాదు, బిల్లు తలచుకుని. "ఖర్చు సంగతి పక్కన పెడితే" అని ముందు చేర్చండి.

పని వల్ల మనిషి పూర్తిగా అలసి డీలాపడటాన్ని బర్న్‌అవుట్ అంటారు. దాన్ని కొలవడానికి కోపెన్‌హేగెన్ బర్న్‌అవుట్ ఇన్వెంటరీ అనే ప్రశ్నపత్రం మేలు. 2005లో ప్రచురించారు, ఫీజు లేదు. మొత్తం 19 ప్రశ్నలుంటాయి, మీకు అందులో పనికి సంబంధించిన 7 చాలు. జవాబుకి 0, 25, 50, 75, 100. ఏడింటి సగటు 50 గానీ అంతకు ఎక్కువ గానీ ఉంటే పట్టించుకోవాల్సిన స్థాయి అని సాధారణంగా లెక్క. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆరు ప్రశ్నలు అలసట, విసుగు గురించి అడుగుతాయి, ఏడోది మాత్రం "ఖాళీ సమయంలో ఇంట్లోవాళ్ళకీ స్నేహితులకీ కేటాయించే ఓపిక ఉంటుందా" అని అడుగుతుంది. దాని మార్కును తిరగేయాలి. ఒకామె 75, 75, 50, 75, 50, 50 ఇచ్చి చివరిదానికి "అరుదుగా" అంది అనుకుందాం. అది 25 కాదు, తిరగేస్తే 75. సగటు 64.3 వస్తుంది. ఎక్సెల్‌లో తిరగేయడం మరిస్తే 57.1. అలా అలసిపోయినవాళ్ళ అంకె తగ్గి, హాయిగా ఉన్నవాళ్ళది పెరిగి, అందరూ మధ్యకి చేరతారు. వార్డుల మధ్య తేడా కనిపించదు.

వీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు ప్రశ్నల సూచిక, డబ్ల్యూహెచ్‌వో-5 కలపండి. గడచిన రెండు వారాల గురించి అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తాన్ని 4తో హెచ్చించాలి. 3, 2, 3, 1, 2 వస్తే 11, అంటే 44. 50 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే మనసు బాగాలేదని సంకేతం. ఇది రోగనిర్ధారణ కాదు.

ఇప్పటికి 21 ప్రశ్నలు. మిగిలిన అయిదూ మీ ఆస్పత్రికే సొంతమైనవి వేయండి. రోస్టర్ (డ్యూటీల పట్టిక) ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది, డ్యూటీలో కూర్చుని తినే వీలుందా, పనికి సరిపడా మనుషులున్నారా, రోగి తాలూకు వాళ్ళు గత నెలలో తిట్టడం గానీ చెయ్యి చేసుకోవడం గానీ జరిగిందా, ఇన్‌చార్జికి సమస్య చెబితే వింటారా. సర్వే తర్వాత మీరు నిజంగా మార్చగలిగేది వీటినే, అందుకే వీటి పదాల మీద ఎక్కువ సేపు కూర్చోండి. మొత్తం 26 ప్రశ్నలు, చివర ఒక ఖాళీ పెట్టె. పది నిమిషాల్లో అయిపోవాలి.

బర్న్‌అవుట్‌ను కొలిచే మాస్లాక్ ప్రశ్నపత్రం 1981 నుంచి ఉంది, 22 ప్రశ్నలు, పరిశోధకుల్లో దానికే పేరెక్కువ. కానీ లైసెన్సు కొనాలి. 1,800 మందికి ఆ డబ్బు పెట్టే బదులు రెస్ట్ రూములో రెండు మంచాలు వేయించడం మా దృష్టిలో మంచి ఖర్చు. ఇంకొకటి, "మా నర్సుల్లో ఇంత శాతం బర్న్‌అవుట్ రోగులు" అని స్లైడు మీద రాయొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్న్‌అవుట్‌ను పని వల్ల వచ్చే పరిస్థితిగా చేర్చారు, జబ్బుగా కాదు.

ప్రశ్న: మా దగ్గర హౌస్ కీపింగ్, సెక్యూరిటీ, వార్డు బాయ్‌లు ఏజెన్సీ మనుషులు. ఇంగ్లిష్ సర్వేని తెలుగు చేయించి వాట్సాప్‌లో లింకు పంపాం. 400 మందిలో 23 మంది నింపారు. వాళ్ళలోనూ సగం మంది అన్నిటికీ ఒకే గడి నొక్కారు.
– ఆపరేషన్స్ మేనేజర్, వరంగల్

జవాబు: ఆ తెలుగు చదివి చూశారా? మీరు జతచేసిన కాగితంలో ఒక ప్రశ్న "నా సంస్థలో మాట్లాడటానికి నేను సురక్షితంగా భావిస్తున్నాను" అని ఉంది. సురక్షితం అనగానే సెక్యూరిటీ గార్డుకి గుర్తొచ్చేది గేటు దగ్గరి గొడవ. సంస్థ అంటే ఆస్పత్రా, జీతమిచ్చే ఏజెన్సీయా? "ఇక్కడ తప్పు జరిగిందని చెబితే నాకు ఇబ్బంది రాదు" అంటే ఎవరికైనా తెలుస్తుంది. అలాగే "మీ మేనేజర్" అన్న చోట ఎవరో చెప్పండి: ఏజెన్సీ సూపర్‌వైజరా, వార్డు సిస్టరా. ఇద్దరి గురించీ విడివిడిగా అడిగితే ఇంకా మంచిది, ఎందుకంటే తిట్టేది ఒకరు, సెలవు కోసేది ఇంకొకరు.

జవాబు గడుల్లో "ఎప్పుడూ" అని ఒంటరిగా రాశారు. మన భాషలో అది రెండువైపులా తిరుగుతుంది. "ఎప్పుడూ అలసిపోతాను", "ఎప్పుడూ అలసిపోను" రెండూ తెలుగే. ఒకే గడిని కొందరు ఒకలా, కొందరు దానికి సరిగ్గా ఎదురుగా అర్థం చేసుకుని ఉంటారు. "ఎల్లప్పుడూ, తరచుగా, కొన్నిసార్లు, అరుదుగా, అసలు లేదు" అని వరసగా రాయండి. "నాకు అలసట అనిపించదు" లాంటి వాక్యానికి "ఒప్పుకోను" అనే జవాబూ పెట్టొద్దు. లేదుకి లేదు చేరితే చదువుకున్నవాళ్ళకే తికమక.

తర్జుమా ఇద్దరు వేర్వేరుగా చేయాలి. రెంటినీ కలిపిన ప్రతిని, అసలు ఇంగ్లిష్ చూడని మూడో మనిషి తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. అర్థం జారినచోటు అప్పుడు బయటపడుతుంది. ఆపైన ఎనిమిది పదిమంది సిబ్బందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ప్రశ్న చదివి "మీకేం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. ఒక పూట పని. "బర్న్‌అవుట్" అన్న మాట పక్కన పెట్టి వాళ్ళ మాటే పట్టుకోండి: "విసుగొచ్చేసింది", "పరేషాన్ అయిపోతున్న", "ఒళ్ళు హూనమైంది". చివరిది ఒంటి అలసటే, మనసు సంగతి చెప్పదు. ఈ రెంటినీ కలపొద్దు.

చదవడం రానివాళ్ళకి లింకు దండగ. బయటినుంచి వచ్చిన మనిషి చదివి వినిపించాలి, ఆస్పత్రి ఐడీ కార్డు మెళ్ళో ఉన్నవాళ్ళు కాదు. జవాబుకి అయిదు గ్లాసుల బొమ్మలు చాలు: ఖాళీది, పావు, సగం, ముప్పావు, నిండుది. కాగితం మీద వాళ్ళే టిక్కు పెట్టి మడిచి డబ్బాలో వేస్తారు. మనిషికి పావుగంట పడుతుంది, ప్రశ్నలు పన్నెండు మించకూడదు. డ్యూటీ టైములోనే చేయించండి, డ్యూటీ దిగాక కాదు. బస్సు పోతుందన్న కంగారులో వచ్చే జవాబే "అన్నిటికీ ఒకే గడి".

ఏజెన్సీ మనుషులను వేరుగా చూడటం మన దగ్గరే కాదు, ఇంగ్లాండులోనూ షిఫ్టులవారీగా మాత్రమే పనిచేసే "బ్యాంక్" సిబ్బందికి 2022 నుంచే ప్రత్యేక ప్రశ్నపత్రం వచ్చింది.

ప్రశ్న: నేను ఇంగ్లాండులో ఒక ట్రస్టులో (ఎన్‌హెచ్ఎస్ ఆస్పత్రులు నడిపే సంస్థ) నర్సుని. ఎన్‌హెచ్ఎస్ సిబ్బంది సర్వే నాకొక్కదానికే వచ్చిన లింకుతో వస్తుంది, నింపకపోతే నాకే రిమైండర్లు వస్తాయి. అంటే నేనేం రాశానో మా వార్డు మేనేజరుకి తెలుస్తుందనే కదా? వీసా మీద ఉన్నవాళ్ళం, భయంగా ఉంటుంది.
– నెల్లూరు నుంచి వెళ్ళిన పాఠకురాలు

జవాబు: మీరు నింపారో లేదో సర్వే నడిపే బయటి కాంట్రాక్టరుకి తెలుస్తుంది, రిమైండర్ అందుకే. మీరేం జవాబిచ్చారో ట్రస్టు చేతికి మనిషివారీగా వెళ్ళదు. ఇది అజ్ఞాతం (ఎవరో అసలు తెలియకపోవడం) కాదు, గోప్యం (తెలిసినా బయటపెట్టకపోవడం). రెండూ ఒకటే అన్నట్టు పోస్టర్లలో రాసేస్తారు కాబట్టి మీ అనుమానం సహజమే. మరీ తక్కువమంది ఉన్న గుంపు ఫలితాలను విడిగా చూపించరు.

ప్రమాదం గడుల్లో లేదు, ఖాళీ పెట్టెలో ఉంది. "పోయిన మంగళవారం నైట్‌లో బెడ్ 6 పేషెంట్ విషయంలో…" అని రాస్తే పేరు అక్కర్లేదు, ఎవరో తెలిసిపోతుంది. అక్కడ తేదీలు, బెడ్ నంబర్లు, మీ దేశం, మీ బ్యాచ్ రాయకండి. మీ ఒక్కరి ఫిర్యాదు పరిష్కారం కావాలంటే సర్వే దానికి తగిన చోటు కాదు. ట్రస్టులో సిబ్బంది ఫిర్యాదులు వినడానికి ఫ్రీడమ్ టు స్పీక్ అప్ గార్డియన్ అని ఒకరుంటారు, లేదంటే మీ యూనియన్.

ఈ సర్వే 2003 నుంచి ఏటా శరత్కాలంలో జరుగుతోంది. 2021లో బర్న్‌అవుట్ ప్రశ్నలు, 2023లో పనిచోట అవాంఛిత లైంగిక ప్రవర్తన గురించిన ప్రశ్నలు చేర్చారు. 2023లో 7 లక్షల మందికి పైగా జవాబిచ్చారు, అంటే పిలిచినవాళ్ళలో 48 శాతం. ట్రస్టులవారీగా ఫలితాలు ఎవరైనా చూడొచ్చు. వేరే ట్రస్టుకి మారాలనుకునే మనవాళ్ళు జీతం బ్యాండు ఒక్కటే చూస్తారు, వివక్ష, బర్న్‌అవుట్ ప్రశ్నల్లో ఆ ట్రస్టు ఎక్కడుందో కూడా చూసి అప్లై చేయండి.

ప్రశ్న: సిబ్బంది సర్వేలో మా ఐసీయూ స్కోరు పోయినేడు 6.8, ఈ ఏడు 6.4. 42 మంది నర్సుల్లో పోయినసారి 34 మంది, ఈసారి 30 మంది నింపారు. సంజాయిషీ రాసివ్వమంటున్నారు. ఏం రాయాలి?
– నర్సింగ్ సూపరింటెండెంట్, గుంటూరు

జవాబు: మేడమ్, సంజాయిషీకి ముందు లెక్క రాయండి. ఇలాంటి 0–10 స్కోర్లలో మనిషికీ మనిషికీ తేడా, అంటే ప్రామాణిక విచలనం, 2 ఉందనుకుందాం. 34 మంది సగటుకీ 30 మంది సగటుకీ మధ్య తేడాలో ఊగిసలాట దాదాపు 1 పాయింటు అటూ ఇటూ ఉంటుంది. మీది 0.4. వార్డులో ఎక్కువమంది నింపారు కాబట్టి ఊగిసలాట అంతకన్నా కొంత తక్కువే అని వాదించవచ్చు, అయినా ఇద్దరు ముగ్గురు ఆ వారం నైట్ డ్యూటీలో ఉండటంతోనే ఇంత మార్పు రావచ్చు. ఏడు లక్షల మంది జవాబిచ్చిన చోట 0.1 కదిలినా అది నిజమైన కదలికే. 30 మందిలో ఒక్క మనిషే 3.3 శాతం.

మూడు సర్వేలు వరసగా ఒకే దిక్కుకి వెళ్తే పట్టించుకోండి. లేదా మూడు ఐసీయూలనీ కలిపి చూడండి. దశాంశాలకన్నా ముందు ఇంకొకటి చూడాలి: పోయినసారి నింపిన 34 మందిలో ఎంతమంది ఇంకా ఉన్నారు? విసిగినవాళ్ళంతా మానేసి వెళ్ళిపోతే మిగిలినవాళ్ళ స్కోరు పెరుగుతుంది. ఏటా స్కోరు పెరుగుతూ ఏటా మూడోవంతు నర్సులు మారిపోయే వార్డుకి అభినందన షీల్డు ఇచ్చే ఆస్పత్రులు ఉంటాయి.

ఈ అంకెను మీ ఇంక్రిమెంటుకో బోనస్‌కో ముడిపెట్టే ఆలోచన పైవాళ్ళకి ఉంటే గట్టిగా వద్దనండి. ఆ మరుసటి సర్వేలో ఇన్‌చార్జి సిస్టర్లు పక్కన నిలబడి నింపిస్తారు.

ప్రశ్న: మొత్తం 49 శాతం మంది నింపారు. నర్సులు 70 శాతం, డాక్టర్లు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళు 20 శాతమే. వెయిటేజీ వేస్తే సరిపోతుందా?
– డేటా అనలిస్టు, హైదరాబాద్

జవాబు: మీరు పంపిన అంకెలే వేసి చూద్దాం. నర్సులు 800 మందిలో 560 మంది నింపారు, సగటు 6.0. డాక్టర్లు 200లో 40, సగటు 6.5. ఔట్‌సోర్సింగ్ 500లో 100, సగటు 7.8. మిగతావాళ్ళు 300లో 180, సగటు 7.0. ఉన్నది ఉన్నట్టు సగటు తీస్తే 6.43. ఒక్కో వర్గంలో నిజంగా ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్యల ప్రకారం వెయిటేజీ వేస్తే 6.72. లెక్క సరైందే, కానీ ఆ పెరిగిన 0.29 ముఖ్యంగా ఎక్కడినుంచి వచ్చిందో చూడండి: అందరికన్నా తక్కువ జీతం, అయిదుగురిలో ఒక్కరి జవాబే, అయినా అందరికన్నా ఎక్కువ స్కోరు వచ్చిన ఔట్‌సోర్సింగ్ గుంపు నుంచి. సూపర్‌వైజర్ ఫోన్‌లో నింపారా అని వాకబు చేయండి. వెయిటేజీ తక్కువమంది నింపిన లోటును పూడుస్తుంది, భయాన్ని పూడ్చదు. పైపెచ్చు దాన్ని అయిదింతలు చేస్తుంది. ఆ నాలుగు వర్గాలనీ నాలుగు వరసల్లో విడిగా చూపించి, మొత్తం సగటు మానేయండి.

విడగొట్టేటప్పుడు పదిమందికి తక్కువున్న గడి చూపించొద్దు. తీసివేతతో దొరికిపోయే గడీ చూపించొద్దు. విభాగం మొత్తం 46, నర్సులు 38 అని వేస్తే మిగతా 8 మంది స్కోరు ఎవరైనా లెక్కకట్టేస్తారు. విభాగం, హోదా, సర్వీసు ఏళ్ళు, ఈ మూడూ అడిగితే చాలు. పైన ఆడా మగా, వయసు, క్వాలిఫికేషన్ కూడా అడిగితే, క్యాథ్‌ల్యాబులో (గుండె రక్తనాళాల పరీక్షల గది) ఉన్న ఏకైక మహిళా టెక్నీషియన్‌ను ఏ అంకె దాచలేదు.

ప్రశ్న: సర్వే లేకుండా హెచ్‌ఆర్ రికార్డులతోనే తెలుసుకోలేమా?
– క్వాలిటీ మేనేజర్, తిరుపతి

జవాబు: కొంతవరకు. చేరిన ఏడాదిలోపు మానేసినవాళ్ళ శాతం మంచి సూచిక. 240 మంది చేరి 84 మంది పన్నెండు నెలల్లోపే వెళ్తే 35 శాతం, ఆ లెక్క మొత్తం అట్రిషన్‌లో (మానేసినవాళ్ళందరి శాతంలో) కలిసిపోయి కనపడదు. 48 గంటల్లోపు మార్చిన డ్యూటీలు, పోయిన వీక్లీ ఆఫ్‌లు, ఉదయం డ్యూటీ ఆరు గంటలు, సాయంత్రం డ్యూటీ ఆరు గంటలు, నైట్ డ్యూటీ పన్నెండు గంటలు అనే పద్ధతిలో నెలకు ఎవరికెన్ని నైట్‌లు పడ్డాయి, ఇవన్నీ రోస్టర్‌లోనే ఉన్నాయి. ఒక్కొక్కరికి విడిగా లెక్కించండి, సగటు తీస్తే అయిదు నైట్‌లవాళ్ళూ పన్నెండు నైట్‌లవాళ్ళూ కలిసిపోతారు.

సిక్ లీవును నమ్మొద్దు. జీతం కోసే చోట జ్వరంతోనే డ్యూటీకొస్తారు, రికార్డు శుభ్రంగా ఉంటుంది. సూది గుచ్చుకున్న ఘటనల రిపోర్టులు పెరిగితే కంగారు పడొద్దు. అంతకుముందు దాచినవి ఇప్పుడు చెబుతున్నారేమో. ఏది నిజమో తేల్చాలంటే "తప్పు చెబితే ఇబ్బంది రాదు" అన్న సర్వే ప్రశ్న పక్కన పెట్టి చూడాల్సిందే.

ప్రశ్న: పేర్లు లేని సర్వేలో ఒకరు "బతకాలని లేదు" అని రాశారు. వారం తర్వాత చూశాం. ఎవరో కనుక్కోమని మేనేజ్‌మెంటు ఐటీ వాళ్ళకి చెప్పింది. సరైనదేనా?
– హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్, విశాఖపట్నం

జవాబు: పేరుండదని మాటిచ్చి ఐపీ అడ్రసు వెతికితే ఆ మనిషి ఇంకా ముడుచుకుపోతారు, మిగతావాళ్ళు ఇంకెప్పుడూ నిజం రాయరు. ఐటీ వాళ్ళను ఆపండి. ఈరోజే అన్ని విభాగాలకీ ఒక సందేశం పంపండి. ఆ వార్డుకి మాత్రమే పంపితే వేలెత్తి చూపినట్టవుతుంది. "సర్వేలో ఒకరు చాలా బాధ రాశారు, చదివాం. మాట్లాడాలనుకుంటే ఫలానా కౌన్సెలర్ ఫలానా గదిలో ఉంటారు, ఇన్‌చార్జికి చెప్పక్కర్లేదు, ఆ సమయానికి డ్యూటీ నుంచి వదులుతాం." దాంతోపాటు టెలిమానస్ నంబరు 14416. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. సొంత ఆస్పత్రి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళడానికి సిబ్బంది జంకుతారు కాబట్టి బయటి దారి కూడా చూపాలి.

వచ్చేసారికి మూడు మార్పులు. సర్వే నడిచే రోజుల్లో ఖాళీ పెట్టెలు ప్రతిరోజూ ఒకరు చదవాలి, ముగిశాక కాదు. ఆ పెట్టె కిందే 14416 అచ్చువేయాలి. బయటి సంస్థ చేత గోప్యంగా చేయిస్తుంటే, ప్రాణాపాయం కనిపించినప్పుడు వాళ్ళే ఆ మనిషిని నేరుగా సంప్రదిస్తారని మొదటి పేజీలోనే, నింపడానికి ముందే రాయాలి. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించే. పేరు లేని సర్వేలో ఆ ప్రశ్నపత్రం పెట్టకండి. "అవును" అని వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలో మీకు తెలియదు.